చిన్నాయన పిలిచిన హాజరు

నిన్న మా పాత బడి నుంచి, కొత్తగా చేరిన టీచరమ్మ ఫోన్ చేసింది. మాజీ సైనికుల దినం గురించి రెండో తరగతి పిల్లలకు చెప్పాలట. "మేడమ్, గంత చిన్న పిల్లలకు ఎట్ల చెప్పాలె? మీరు గప్పట్ల మస్తు చెప్పిండ్రట గదా," అంది. ఆలోచించి చెప్తానని పెట్టేశాను. చేతిలోని చాయ్ చల్లారిపోయింది.

చెప్పిన మాట నిజమే. చెప్పడమంటే, మా చిన్నాయనను తీసుకెళ్ళి పిల్లల ముందు నిలబెట్టాను. ఆయన యుద్ధం చూసి వచ్చిన మనిషి. మిలిట్రీ నుంచి వచ్చాక చేగుంట దారిలో ఒక రైస్ మిల్లుకు కావలి ఉండేవాడు. చొక్కా ఇస్త్రీ నలిగితే ఆ పూట ఇంట్లో ఎవరికీ శాంతి ఉండేది కాదు. పెళ్ళికి పిలిస్తే, ఫంక్షన్ హాలు తాళం తీయకముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడే రకం. తనతో పోయి తిరిగిరాని ముగ్గురు దోస్తుల పేర్లు మాత్రం ఆయన నోట ఎవరమూ వినలేదు. "వాళ్ళ ముచ్చట తీయకు బిడ్డా, వారం దాక బువ్వ ముట్టడు," అని చిన్నమ్మ ముందే చెప్పింది. నేను వింటేనా! హెడ్‌మాస్టరు ముందు నా గొప్ప చూపించుకోవాలి కదా.

మా తరగతిలో ఒక అలవాటుండేది. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా రాకపోతే, పిల్లలంతా ఒక్క గొంతుతో "రాలే టీచర్!" అని అరిచేవాళ్ళు. పక్కవాడు బడి ఎగ్గొట్టాడంటే వాళ్ళకు అదో సంబరం. "జరమొచ్చిందేమో, రేపొస్తడు," అని నేను తర్వాతి పేరుకు పోయేదాన్ని.

ఆ రోజు చిన్నాయన ఛాతీ మీద పతకాలతో వచ్చాడు. పిల్లలు ఆయన మీసం చూసి నవ్వారు, ఆయనా నవ్వాడు. మంచు గురించి, బరువైన బూట్ల గురించి చెప్పాడు. అక్కడితో ఆపితే సరిపోయేది. "నీ దోస్తుల పేర్లు చెప్పు చిన్నాయనా," అన్నాను నేను. ఆయన నావైపు ఒకసారి చూసి, నిటారుగా నిలబడి, మొదటి పేరు గట్టిగా పలికాడు.

తరగతి తరగతంతా అరిచింది: "రాలే సార్!"

ఆపాల్సింది నేనే, ఆపలేదు. ఆయన రెండో పేరు పలికాడు. "రాలే సార్!" మూడోది. "రాలే సార్!"

ముందు వరుసలో ఒక పాప ఆయన ముఖం చూసి లేచి నిలబడింది. "జరమొచ్చిందేమో సార్. రేపొస్తరు," అంది.

చిన్నాయన వంగి ఆ పాప తల నిమిరాడు. "వాళ్ళు రారు బిడ్డా," అన్నాడు. "నేనే పోవాలె."

ఆయన్ను ఆటోలో ఇంటికి తీసుకెళ్ళాను. చిన్నమ్మ తలుపు తీసి ఆయన ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. ఆ వానకాలంలోనే ఆయన పోయాడు. నావల్లే అనను. కాదని నాకు నేను చెప్పుకోనూలేను.

ఆ టీచరమ్మకు ఇంకా ఫోన్ చేయలేదు. నా హాజరు పట్టీలో రానివాళ్ళు మర్నాడో మూడోనాడో వచ్చేవాళ్ళు, ఆ ధైర్యంతోనే అన్నేళ్ళు పేర్లు పిలిచాను. వయసు మీదపడే కొద్దీ రాని పేర్లు పెరుగుతూనే ఉన్నాయి. రేపొస్తారని చెప్పే పాప మాత్రం ఏ వరుసలోనూ కనిపించదు.