సగం నల్లబడ్డ బంపర్

2011. సిద్దిపేటల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో దాటుతలేవు, బడులు బంద్, ఆఫీసులు బంద్. హుస్నాబాద్ పోయే రోడ్డు మీద నా కార్ వాష్ షాపు. గిరాకీ లేక పొద్దంత ఖాళీ రోడ్డు చూసుకుంట కూసునేటోన్ని.

అట్లాంటి ఒకనాడు పొద్దుగాల సుజాతక్క పాత తెల్ల కారు తీస్కొని వచ్చింది. వాళ్లాయన సరుకులేసే డీసీఎం వ్యాన్ నడుపుతడు. ఆయన దగ్గరనే ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది. ఆడోళ్లకు ఆడమనిషే నేర్పే డ్రైవింగ్ స్కూల్ పెట్టాలని ఈ కారు కొన్నది. నేర్చుకునేటామె తడబడితే పక్కనుంచి తొక్కనీకి ఎడమ దిక్కు ఇంకో బ్రేకు, క్లచ్చు పెట్టించింది. బోర్డు కట్టి నెలలైంది గని ఒక్కలు గూడ చేరలే.

"ఎందుకు చేర్తలేరక్కా?" అని అడిగిన.

ఆమె బంపర్ దిక్కు చూపెట్టింది. "గిది చూసి పాత డబ్బా అంటున్రన్నా. నడిమిట్ల ఆగిపోతే ఎట్ల అని భయపడ్తున్రు. ఇయ్యాల పగటీలి టీచరమ్మలు చూడనీకి వస్తమన్నరు. బడులు లేవు, రోడ్లు ఖాళీ, నేర్చుకోనీకి ఇంతకన్న మంచి టైం దొర్కదు. వాళ్లు గూడ వద్దంటే దసరాకు కారు అమ్ముదామన్నడు మా ఆయన."

పెయింట్ వెయ్యని నల్ల ప్లాస్టిక్ భాగాలను మా పనిల ట్రిమ్ అంటం. బంపర్లు, డోర్ల మీది పట్టీలు, సైడు అద్దాల వెనుక డిప్పలు. ఏండ్లకొద్ది ఎండకు ఉంటే అది బూడిద రంగుకు తిరుగుతది. ఆమె కారుకు అదొక్కటే గాదు, ఎవరో దాని మీద బాడీకి రుద్దే వ్యాక్స్ రుద్దిన్రు. ప్లాస్టిక్ మీది సన్న సన్న గీతలల్ల అది ఇరుక్కొని సున్నం లెక్క తేలింది.

ట్రిమ్‌కు రాసే మందు నా దగ్గర అయిపోయింది. సమ్మెతోని హైదరాబాద్ నుంచి సరుకు వస్తలేదు. ఇగ మిగిలింది హీట్ గన్, అంటే వేడి గాలి కొట్టే మిషిన్. అద్దాల మీది ఫిల్మ్ ఊడబీకనీకి కొన్నది. దాంతోని వేడి తగిలిస్తే పాత నలుపు మల్ల వస్తదని ఒక మెకానిక్ చెప్పంగ విన్న గని ఎన్నడూ చేసి చూడలే.

ముందుగాల మూలకు పడున్న పగిలిన బంపర్ ముక్క మీద చూసిన. గన్ ఒక్క తాన ఆపితే ప్లాస్టిక్ కరిగిపోతది, అందుకే చెయ్యి ఆడించుకుంటనే ఉండాలె. కొద్దిసేపట్లనే బూడిద రంగు జరుగుకుంట పోయింది, దాని ఎనుక నిగనిగలాడే నలుపు వచ్చింది. సుజాతక్క వంగి, చల్లారినంక వేలుతోని రుద్ది చూసింది. వేలికేం అంటలే.

"చెయ్యన్నా, జెల్ది చెయ్యి," అన్నది.

ఇద్దరం కూసొని గోరువెచ్చని షాంపూ నీళ్లతోని, పాత టూత్ బ్రష్లతోని వ్యాక్సంత తీసినం. తెల్ల పెయింట్‌కు వేడి తగలకుంట అంచులకు టేప్ అంటించిన. ముందు బంపర్ ఎడమ కొస నుంచి మొదలుపెట్టిన. సరిగ్గ సగంకొచ్చినంక కరెంటు పోయింది. బొగ్గు గనులు గూడ సమ్మెలనే ఉన్నయి. ఎప్పుడొస్తదో చెప్పేటోడు లేడు. ఎడమ దిక్కు కొత్త కారు, కుడి దిక్కు పాత డబ్బా.

"గిట్లనైతే ఇంకింత నవ్వుతరు," అన్నది సుజాతక్క. ఆమె మొహం చిన్నగైంది.

అప్పుడే చౌరస్తా దిక్కు నుంచి మైకుల పాట వినొచ్చింది. అక్కడ రిలే నిరాహార దీక్ష టెంటు. కరెంటు పోయినా మైకు మోగుతున్నదంటే జనరేటర్ ఉన్నట్టే గద. కారు అక్కడికే తీస్కపోయినం. టెంటు చూసుకునే రిటైర్డ్ హెడ్‌మాస్టర్ మల్లయ్య సార్ దగ్గరికి పోయిన.

"సార్, హీట్ గన్ కరెంటు బాగ గుంజుతది. కొద్దిసేపు మైకు బంద్ పెడ్తరా?"

"మైకు బంద్ పెట్టుమని ఇన్ని రోజులు పోలీసులే అడిగిన్రు. నీకేమైందయ్యా?"

"అక్క బంపర్ నల్లగ చెయ్యాలె సార్."

ఆయన కారును, సుజాతక్కను, సగం బంపర్‌ను చూసిండు. పాడే పిలగాండ్ల దిక్కు తిరిగి, "గొంతులకు జెర రెస్ట్ ఇయ్యిన్రి," అన్నడు.

మైకు ఆగేసరికి ఏమైందోనని టెంటుల ఉన్నోళ్లంత కారు చుట్టు చేరిన్రు. మేము ఎదురుచూస్తున్న టీచరమ్మలు గూడ వాళ్లల్లనే ఉన్నరు. నేను గన్ ఆన్ చేసిన. బూడిద రంగు జరుగుతుంటే జనం నాతోని పాటు జరిగిన్రు. కుడి కొసకు వచ్చేసరికి అందరు బంపర్‌నే చూస్తున్నరు.

"రంగేసినవా భాయ్?" ఆ టీచరమ్మలల్ల ఒకామె, విజయ టీచర్ అడిగింది.

"లేదమ్మా, దాని నలుపే. ఇది ఎల్లకాలం ఉండదు, కొన్ని నెలలకు మల్ల పాలిపోతది. సరుకు రాంగనే మందు రాస్త, అప్పుడు నిలుస్తది."

సుజాతక్క బానెట్ లేపింది. "బంపర్ చూసిన్రు గద మేడమ్, ఇంజన్ గూడ చూడున్రి."

విజయ టీచర్ ఇంజన్ చూడలే. డోర్ తీసి డ్రైవర్ సీట్ల కూసున్నది. సుజాతక్క ఉరికి ఎడమ దిక్కు ఎక్కింది. కారు రెండు సార్లు ఎగిరి ఆగింది, మూడోసారి కదిలింది. నర్సాపూర్ దిక్కు ఖాళీ రోడ్డు మీద మెల్లగ పోతుంటే టెంటు మొత్తం చప్పట్లు కొట్టింది. వెనుక బంపర్ ఇంక బూడిద రంగుల్నే ఉన్నది. దాన్నెవరూ పట్టించుకోలే. తిరిగి వచ్చేసరికి నలుగురు టీచరమ్మలు పేర్లిచ్చిన్రు. కారు దసరాకు అమ్ముడుపోలే.

అప్పటిదాంక నేను పని మొత్తం అయినంకనే బండి చూపెట్టేటోన్ని. నడిమిట్ల ఎవరన్న వచ్చి చూస్తే చిరాకు పడేటోన్ని. ఆనాడు జనం నమ్మింది నా మాటను గాదు, పక్కపక్కన ఉన్న ఆ రెండు సగాలను. ఇప్పుడు ఏ బండైనా సగం చేసి ఆపుత. ఓనర్ను పిలిచి, "ముట్టుకొని చూడున్రి," అంట. ఆళ్లు రెండు దిక్కుల చెయ్యి పెట్టి చూసినంకనే మిగిలిన సగం మొదలుపెడ్త.