గదికి కొత్త తాళం బిగించిందెవరు

ఆమె తాళంచెవులు చేసేది. మార్కెట్ వీధిలో మెట్ల కింద ఇరుకు కొట్టు, చెవులు కోసే యంత్రం, నాలుగైదు ఆకురాళ్ళు. అందరూ తాళాలక్క అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. అక్కా బావలతో కలిసి ఉండేది.

ఒక ఉదయం లేచేసరికి ఆమె గది తలుపుకు కొత్త తాళం బిగించి ఉంది. చెవి దిండు కింద దొరికింది.

"ఇది నీ పనేనా బావా?"

"బల్బు మార్చమంటే మీ అక్క నెల్లాళ్ళు తిడితే గానీ కదలను. నేను తాళం బిగిస్తానా?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకుంది. ఆ రోజు నుంచి ఆయన పెట్టిన టీ ముట్టలేదు. వంటింట్లో వాళ్ళిద్దరూ గొంతు తగ్గిస్తే తన గురించేననిపించేది.

కొట్లో ఆ చెవిని వెలుగులో పెట్టి చూసింది. అంచున వాలుగా లాగిన గీత. అలా లాగే అలవాటు తనకే ఉంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు పూటలకు పూటలు గుర్తుండేవి కావు. మతిమరుపనుకుని సర్దుకుపోయింది.

ఆ గీత సంగతి చెప్పేసరికి అక్కే మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్ళింది. చాలాసార్లు మాట్లాడాక డాక్టరమ్మ అంది: "చిన్నతనంలో భరించలేనిది జరిగితే ఒక్కోసారి మనసు భాగాలుగా ఉండిపోతుంది. తాళం బిగించింది మీలోనే ఉన్న ఇంకొకరు. తరిమెయ్యకండి, పలకరించండి."

బావ డాక్టరమ్మకు ముందే ఏమైనా ఎక్కించాడేమోనని ఆమె అనుమానం. అయినా ఆ రాత్రి పడుకునే ముందు, లోపలున్న ఆ ఇంకొకరి కోసం ఫోన్‌లో రికార్డు చేసి పెట్టింది. "ఎవరు నువ్వు? నా గదిలో నీకేం పని?"

మర్నాడు జవాబుంది. గొంతు తనదే, పళ్ళు బిగబట్టి మాట్లాడినట్టుంది. "నీ గదా? తలుపు బార్లా తీసి నిద్రపోతావు నువ్వు. కాపలా కాసేది నేను."

ఎవరైనా తన గొంతును అనుకరించారా? మళ్ళీ మళ్ళీ విని, ఇంకో ప్రశ్న పెట్టింది. "బావ ఏం చేశాడని?"

"ఏం చెయ్యలేదు. చేసేదాకా ఆగమంటావా? చిన్నప్పుడు మామయ్య ఇంట్లో మన గదికి గడియ లేదు. గుర్తుందా?"

తలుపు గుర్తుంది. ఆ తర్వాతేదీ గుర్తు లేదు. ఎందుకో తెలియకుండానే చాలాసేపు ఏడ్చింది.

ఫోన్‌లో బేరం వారాల తరబడి సాగింది.

"తాళం తియ్యను. కానీ నాకేమన్నా అయితే ఎవరో ఒకరు లోపలికి రావాలిగా. ఇంకో చెవి చేస్తా," అందామె.

"బావకి వద్దు."

"అక్కకి?"

చివరికి, "అక్కకి సరే. నేను కనిపెట్టుకునే ఉంటా."

అక్క చెవి తీసుకుని కొంగున ముడేసుకుంది. బావ మాత్రం ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పుల చప్పుడు చేస్తూ నడవడం అలవాటు చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కొట్టుకు ఒకాయన సబ్బుబిళ్ళ మీద ఒత్తిన తాళంచెవి అచ్చుతో వచ్చాడు. "దీనికి చెవి కావాలి. అసలుది ఇంట్లో మర్చిపోయా."

"వద్దు," అంది లోపలి గొంతు. ఫోన్ లేకుండా ఆమెకు అది వినబడడం అదే మొదలు.

"మేం చెయ్యం," అందామె.

"మేమేంటి? ఉన్నది నువ్వొక్కదానివేగా!"

ఆమె షట్టరు సగం దించింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఫోన్‌లో అంది: "మంచి పని చేశావ్."

పొద్దున జవాబు: "పొగడ్తలు తర్వాత. వాడు మన వెనకే వచ్చాడేమో చూశావా?"

ఆమె కిటికీ తెర కాస్త తొలగించి వీధి చూసింది. ఎవరూ లేరు. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడింది.