సీరియస్ అనే మాట

రైల్లో ఒకావిడకు టెలిగ్రాం చదివిపెట్టి ధైర్యం చెప్పానని మా వాళ్ళు గొప్పగా చెబుతారు. అదంతా ఉత్తదే. ఆ రోజు ధైర్యం కావలసింది నాకు.

ఆమె పొందూరులో ఎక్కింది. చీరకు దూది అంటుకుని ఉంది, రాట్నం ముందునుంచి అలాగే లేచి వచ్చినట్టుంది. "సదువుకున్నదానివి, కాస్త సూడమ్మా" అంటూ టెలిగ్రాం నా చేతిలో పెట్టింది.

"గరివిడిలో మీ ఆయనకు సీరియస్‌గా ఉందట, వెంటనే రమ్మన్నారు" అన్నాను.

"సీరియస్సంటే ఏటమ్మా? బతికే ఉన్నాడా?"

"జబ్బు ముదిరిందని అర్థం. పోతే పోయాడనే రాస్తారు. బీఏ చదివాను, నాకు తెలీదా?" అని దబాయించాను.

"మా అయ్య పోయినప్పుడు మా సెల్లికి మేమూ జబ్బు ముదిరిందనే కొట్టించినాం. పోయాడంటే దారిలో దానికేటైపోతాదోనని" అందామె మెల్లగా.

అందరూ అలాగే కొట్టిస్తారని నాకూ తెలుసు. ఆమె బొట్టు మీదికి వేలు పోనిచ్చి, చెరపాలో వద్దో తెలియక అక్కడే ఉంచేసింది. నేను ఆ చెయ్యి కిందికి లాగి, గరివిడి దాకా పట్టుకునే కూర్చున్నాను. ఆమె దిగుతుంటే టెలిగ్రాం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

ఆ టెలిగ్రాం కొట్టించేటప్పటికి ఆయనకు ఊపిరి ఉందా, లేదా?