పిడికిళ్ల కుండ

మా పేటలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి, కొర్రలు కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తారు. అది దేవుని పిడికెడు. తినంగ మిగిలింది కాదు, తినకముందే తీసేది. ఆదివారం పొద్దున అందురూ ఆ ముంతలు ఎత్తుకొని ప్రార్థన గుడికి పోయి, బల్ల ముందర ఉండే పెద్ద కుండలో పోసి కూచుంటారు. మాకు వాక్యం చెప్పే ఉపదేశికి జీతమనేది పేరుకే. ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కుండతోనే.

నేను విడపనకల్లు దిక్కునుంచి ఈ మడకశిర దిక్కుకు కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త నా పిడికిలి చూసి, "అది దేవునికా, పిచ్చుకకా?" అని అడిగింది. ఆమె నోరు అట్లాంటిది. ఆ నోటికి జడిసి మా మామ సగం సంగతులు బయటే మింగి ఇంటికొచ్చేవాడు. నేను కూడా మొదట్లో ఆమె ఎదురొస్తే గోడకు అతుక్కొని నడిచేదాన్ని. ఆమె పోయి ఎన్నో ఏండ్లయింది. ఇప్పటికీ ఇంట్లో కసిరేవాళ్లు లేకపోతే నాకు పొద్దు పోదు. ఆమె అంటే నాకు అంత ఇష్టం.

ఇది అరవైల్లో వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం సంగతి. ఒక పొద్దున గుడి వెనక చింతచెట్టు కింద ఎవురో దిగినారని చూస్తే, మొగుడూ పెండ్లాము, ముసలి అత్త, చంకలో ఆడపిల్ల. మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసుకొన్నారు గానీ దాంట్లో నిప్పు లేదు. కన్నడ సీమలో చెరువులు ఎండిపోయి, ఉండే రెండు మేకల్ని అమ్ముకొని నడిచి వచ్చినోళ్లు.

మా పక్క కన్నడం అందురికీ వస్తాది. సంతలో సగం మాటలు అవే. కాకపోతే అప్పటికి కొన్నేండ్ల కిందటే రాష్ట్రాలు విడగొట్టి, అది మీది, ఇది మాది అని గీత గీసినారు కదా. ఆ గీత పటంలోనే ఉంటే బాగుండు, మా నాలుకల మీదికి కూడా వచ్చింది. నిన్నటిదాకా సంతలో మా పక్కన గోనెపట్ట పరుచుకొని ఉల్లిగడ్డలు అమ్మినోళ్లను, 'ఆ రాష్ట్రమోళ్లు' అనేది నేర్చుకొన్నాము.

ఆ బిడ్డ తల్లి ఖాళీ కడవ పట్టుకొని మా బావి దగ్గర దూరంగా నిలబడింది. ముట్టొచ్చో లేదో తెలీక. ఊరి బావి మమ్మల్ని ముట్టనియ్యరు గాబట్టి, అట్లా నిలబడేది ఎట్లుంటాదో మాకు ఎవురూ చెప్పాల్సిన పని లేదు. మా అత్త పోయి, "మేమూ ఈ నీళ్లే తాగతాండాము, ఇంకా చావలేదు. చేదుకో" అనింది. నీళ్ల వరకైతే ఎవురికీ పేచీ లేకపోయింది.

కూలి కాడ వచ్చింది పేచీ. ఎండిపోతాండే చెనిక్కాయ చేన్ల మీద ఎట్లనో ఒక జల్లు పడింది. నేల మెత్తబడింది. ఆ పదునులోనే చెట్లు పీకి కాయలు తెంపాల. ఎండ కాసి నేల బిగుసుకొనిందంటే చెట్టు చేతికొస్తాది, కాయ మన్నులోనే ఉండిపోతాది. మా ఊరి ఆసామికి చేన్లు శానా ఉండాయి. ఎప్పుడూ దినమంతా తెంపితే ఒక చేట కాయలు కూలి. ఆ తూరి ఆయన చింతచెట్టు కిందోళ్లను పిలిచి అరచేట అన్నాడు. వాళ్లు సరే అన్నారు. ఇంకేముండాది, వాళ్లు అరచేటకు వస్తాంటే మీకు నిండు చేట ఎందుకియ్యాలని మా మీదికి తిరుక్కున్నాడు.

ఏడాదంతా కాచుకొన్న పని అది. మా ఇంట్లో కొర్రలు అడుగంటినాయి. సంగటి ముద్ద చిన్నదైతాంటే మా ఆయన ముద్దను తిప్పి తిప్పి చూసేవాడు. అందుకే ఆదివారం ప్రార్థన అయినాక మొగోళ్లందురూ ఉపదేశిని పట్టుకొన్నారు. చింతచెట్టు గుడి జాగాలో ఉండాది గాబట్టి, వాళ్లను ఆ పొద్దే లేపి పంపించేయాలని పట్టుబట్టినారు. ఉపదేశి మెత్తని మనిషి. తల గోక్కుంటా ఉండిపోయినాడు.

మా అత్త వాళ్ల మాటలు సగంలో ఉండంగానే లేచి, నన్ను రమ్మని, చింతచెట్టు కిందికి పోయింది. మా నోట్లో మన్ను కొట్టేదానికి వచ్చినావా, అరచేటకు ఎందుకు ఒప్పుకొన్నావని ఆ యమ్మను నిలబెట్టి అడిగింది. నాకైతే కొంగు పట్టి వెనక్కు లాగాలనిపించింది. ఆ యమ్మ కోపం తెచ్చుకోలేదు. కన్నడంలో నిమ్మళంగా చెప్పింది.

"నిండు చేట అడిగితే రేపు రా పో అంటాడమ్మా. రేపటిదాకా ఈ బిడ్డకు ఏం పెట్టేది?"

మా అత్త ఆ ఆరిపోయిన పొయ్యి దిక్కు కొంచేపు చూసింది. మళ్లీ గుడిలోకి వచ్చి, మొగోళ్ల మధ్యలో నిలబడి, కుండలో ఉండేది కొలిచి వాళ్లకు పెట్టాలని చెప్పింది. ఆ యమ్మ మనకు పగదారు కాదు, ఆకలి ఆమెను అరచేటకు తోలుకపోతాంది, ఇంట్లో గింజలుంటే ఆమె కూడా మన పక్కనే కూచొని నిండు చేట అడుగుతాది, ఇదీ ఆమె లెక్క. ఒకాయన మాత్రం, వాళ్లు మనలో కలిసి బాప్తిస్మం తీసుకొంటే అప్పుడు పెడదాములే అన్నాడు.

మా అత్త ఆయన దిక్కు తిరిగింది. "ఏమప్పా, కూటికి దేవుణ్ణి అమ్మే అంగడి పెట్టుకొన్నామా మనము?"

కానీ అసలు చిక్కు అది కాదు. ఆ కుండ ఉపదేశి ఇంటి కూడు. అందురి కండ్లూ ఆయన మీదికి పోయినాయి. ఆయన తన పిల్లోళ్ల దిక్కు చూసినాడు. ఆయన నోరు తెరిచేలోపల ఆయన భార్య లేచి పోయి కుండ పక్కన గొంతు కూచొని, చేట తెమ్మని నాకు సైగ చేసింది. ఉపదేశి భార్య మొగంలో నొచ్చుకొన్న గుర్తే లేదు. నాకు ఆ పొద్దు ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. ఉపదేశి ఆ తర్వాత చేసిన ప్రార్థన శానా చిన్నది. వచ్చినోళ్లకు కూడు, కష్టపడేవాళ్లకు న్యాయం, రెండూ ఇయ్యి తండ్రీ అన్నాడు. ఆడికే ఆపేసినాడు.

మర్నాడు అందురమూ పోయి, నిండు చేట ఇచ్చేదాకా చేన్లోకి దిగేది లేదని ఆసామి చేని గట్టున కూచున్నాము. చింతచెట్టు కిందోళ్లు కూడా మా పక్కనే. ఆసామి వచ్చి చూసి, నవ్వి, ఆకలైతే మీరే లేస్తారులే అని పోయినాడు. మళ్లీ మర్నాడూ అంతే. ఎండ మాడ్చేస్తాంది. చెప్పేదానికేముండాది, కడుపులో ఎలుకలు పరుగెత్తతాండాయి. నేనేమీ దేవతను కాదు, ఈ అత్త పంతం ఎవురికి కావాలని లోపల తిట్టుకొంటానే కూచున్నా.

ఆ మర్నాడు ఆసామి వచ్చినప్పుడు నవ్వలేదు. నేల బిగుసుకొంటాంది, ఆయనకూ తెలుసు. సరే, మీకు నిండు చేటే ఇస్తా, దిగండి అన్నాడు. మేము కొంగులు దోపుకొంటా లేచినాము. అప్పుడు ఆయన వేలు చూపించి, ఆ కన్నడోళ్లకు మాత్రం అరచేటే, వాళ్లు ఈ ఊరోళ్లు కాదు కదా అన్నాడు.

మేము చేన్లోకి అడుగు పెట్టినాము. మా కూలి మాకు వచ్చేసింది. ఆ యమ్మ కూడా ఇట్లాంటివి అలవాటైన మనిషి మాదిరి బిడ్డను ముసలామెకిచ్చి, అరచేటకే చేన్లోకి దిగింది. మా అత్త మాత్రం కూచున్న చోటునుంచి లేయలేదు.

"ఆసామీ, ఆ యమ్మ కాయలు తెంపేది సగం చేత్తోనా?"

చేను నా ముందరే ఉండాది, పీకితే సాయంత్రానికి నిండు చేట. ఇంట్లో మా ఆయన ముద్ద తిప్పి చూసేది కండ్లముందర మెదిలింది. అయినా పోయి అత్త పక్కన కూచున్నా. ఆమె నా దిక్కు చూడలేదు గానీ, చెయ్యి మాత్రం నా తొడ మీద పెట్టింది. ఆ తర్వాత ఉపదేశి భార్య కూచునింది. ఒకరెనక ఒకరు అందురూ గట్టు మీదికి వచ్చేసినారు. చేన్లో ఆ యమ్మ ఒక్కతే నిలబడి మమ్మల్ని చూస్తాంది. ఏం జరుగుతాందో ఆమెకు అర్థమయ్యేకి కొంచేపు పట్టింది. అర్థమైనాక కొంగు మొగానికి అడ్డం పెట్టుకొనింది.

ఆసామి వంగి ఒక చెట్టు పీకి చూసినాడు. రెండు కాయలొచ్చినాయి, మిగిలినవి మన్నులోనే తెగిపోయినాయి. మీ దేవుడు మీకు నేర్పించింది ఇదేనా అని మా అత్తను కసిరినాడు.

"ఔ సామీ, ఇదే" అనింది మా అత్త.

ఆ సాయంత్రం అందురికీ ఒకే చేట, ఒకే నిండు.

ఆదివారం మేము గుడికి పోతే, పెద్ద కుండ దాదాపు ఖాళీగా ఉండాది. ఎవురి ముంతలు వాళ్లు పోస్తాంటే వాకిట్లో ఆ యమ్మ కనబడింది. అన్ని దినాలూ గుడి వెనక ఉండీ ఒక్క తూరి కూడా లోపలికి రాలేదు. ఇప్పుడు పిడికిలి బిగించి ఎదకు ఆనించుకొని నిలబడింది. కూలి కాయలు. మా అత్త ఎదురుపోయి, నీకెందుకమ్మా ఇదంతా, కష్టంలో ఉండావు, బిడ్డకు ఉడకబెట్టి పెట్టుకో పో అనింది. మంచికే అనింది. ఆ యమ్మ మొగం మాత్రం చిన్నబోయింది.

"మీ పిడికిళ్లన్నీ నేను తింటి. నా పిడికెడు మీ దేవునికి పనికిరాదా అమ్మా?"

మా అత్తకు జవాబు లేకపోయేది నేను చూసింది ఆ ఒక్కసారే. పక్కకు జరిగి కుండ దాకా దారి ఇచ్చింది. ఆ యమ్మ లోపలికి వచ్చి పిడికిలి విప్పితే, చెనిక్కాయలు ఆ నాలుగు కొర్రల మీద గలగలమని పడినాయి. అంత చిన్న చేతిలో అన్ని కాయలు ఎట్లా పట్టినాయో. మా అత్త వంగి కుండలోకి చూసింది. కండ్లు తుడుచుకొంటా నా దిక్కు తిరిగి, "చూడు, పిడికెడంటే అట్లుండాల" అని కసిరింది.