ఆకాశం చూపెట్టమనే హెడ్డు గారు

సోమవారం పొద్దున నేను చేలో ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, హెడ్డు పెదనాన్న పోయిండంట" అంది. తను అడవిలోంచే చేసింది. అటు అడవిలో పిట్టల అరుపులు, ఇటు నా మొక్కజొన్న ఆకుల గలగల. అంతే. ఫోన్ పెట్టేసి గట్టు మీద కూర్చుండిపోయాను.

హెడ్డు గారంటే మా మండలం పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన మనిషి. మాకు చుట్టం కాడు. అయినా నా ఇంట్లో ఇవాళ ఉన్న సంతోషంలో సగం ఆయన పెట్టిందే. ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి, నాకు వచ్చినట్టు రాస్తున్నాను. దుఃఖం రాయబోతే సంతోషం అడ్డం వస్తోంది, ఏం చేయను!

మాది అడవి అంచు ఊరు. పంట కాపలాకని మా నాన్న పేరు మీద ఒంటి గొట్టం తుపాకి లైసెన్సు ఉండేది. గాలిలోకి ఒక్కసారి పేలిస్తే అడవి పందులు అటే పోయేవి. అయితే ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యాకే తిరిగి ఇస్తారు. పాత చీరల్లో చుట్టిన తుపాకులు పట్టుకుని స్టేషన్ వరండాలో వరసగా నిలబడేవాళ్ళం.

బల్ల దగ్గర హెడ్డు గారు. ముందు కళ్ళజోడు తుడుచుకునేవారు. ఆ తర్వాత ఒకటే మాట: "ఆకాశం చూపెట్టు."

అంటే తుపాకిని నడిమికి తెరిచి, గొట్టాన్ని వెలుతురు కేసి ఎత్తి పట్టాలి. అందులోంచి ఆయనకు ఆకాశం కనపడాలి. "ఖాళీయే సారూ" అంటే ఒప్పుకునేవారు కాదు. "నోరు ఖాళీ అంటది. గొట్టం అనాలె గద" అనేవారు. చూశాక నూనె గుడ్డతో లోపలా బయటా తుడిచి, పేరు రాసిన గుడ్డ పీలిక కట్టి లోపల పెట్టేవారు. మా తుపాకులు ఇచ్చినప్పటికన్నా తళతళలాడుతూ తిరిగొచ్చేవి.

ఒకసారి మా పక్క చేను రైతు గొణిగాడు. "ఎలక్షన్ కోడ్ మాకేనా సారూ, పందులకు లేదా?"

"ఎందుకు లేదు? నోటీసు రాసిస్త, పోయి సంతకం తీస్కరా" అన్నారు హెడ్డు గారు. వరండా అంతా నవ్వులే.

ఇక నా తప్పు చెబుతాను. మా నాన్న కాలం చేశాడు. పట్టా భూమి కొడుకుకి వచ్చినట్టు తుపాకి కూడా ఇంటితో పాటే వచ్చిందనుకున్నాను. గోడకు రెండు కొయ్య మేకులుండేవి, వాటి మీదే ఉంచేశాను. అంతలో కొత్త రూల్సు వచ్చాయి. ప్రతి లైసెన్సూ కంప్యూటర్లో ఎక్కాలి, దానికో నంబరు రావాలి, లేకుంటే కాగితం చెల్లదు. ఊళ్ళో అందరికీ దిగులు పట్టుకుంది. కేసులు పెడతారని ఒకరు, ఉన్నవన్నీ గుంజుకుంటారని ఒకరు. ఆ భయంలో నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. మా నాన్న పేరే ఎక్కిస్తే సరిపోతుంది కదా!

లైసెన్సు పుస్తకం పట్టుకుని వెళ్ళాను.

"మీ నాయన్ని తీస్కరా, ఫోటోలు కావాలె" అన్నారు హెడ్డు గారు.

"మంచంల ఉన్నడు సారూ. లేవలేడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"ఏమయ్యా, మీ నాయన దినాలకు నేను రాలేదా? గారెలు గూడ తిన్న. మీ ఇంటామె ఇంకో రెండు వేసింది."

ఆయన కోప్పడలేదు. మెల్లగా "ఆకాశం చూపెట్టు" అన్నారు.

ఉన్నదంతా చెప్పేశాను. తుపాకి గోడ మీదే ఉందన్నాను. కంకులు పాలు పోసుకుంటున్నాయి, పందులు పడే అదను ఇదేనన్నాను.

"ఇది పట్టా లెక్క కాదు. మనిషి పోతే లైసెన్సు ఆయనతోనే పోతది. ఆ రోజే తెచ్చి ఇయ్యాలె. నీకు కావాలంటే నీ పేరు మీద కొత్తగ అడగాలె."

"ఇప్పుడు తెస్తే కేసైతదా సారూ?"

"అబద్ధం చెప్పను. ఎస్సై గారు ఏమంటరో నాకు తెల్వదు. గని నీ బిడ్డ రోజూ పొద్దున రోడ్డు మీద ఉరుకుతున్నది, నేను చూస్తున్న. రేపు ఆమెకు యూనిఫాం ఉద్యోగమొస్తది, ఇంటికి ఎంక్వయిరీ వస్తది. ఆ రోజు గోడ మీద ఏముండాల్నో నువ్వే అనుకో."

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "పంట మళ్ళీ ఏడు వస్తది, బిడ్డ ఉద్యోగం మళ్ళీ వస్తదా?" అని తనే ఆ తుపాకిని మేకుల మీంచి దించి చీరలో చుట్టింది.

మర్నాడు పట్టుకెళ్ళాను. కాగితం హెడ్డు గారినే రాయమన్నాను. రాయలేదు. "నీ తప్పు నీ చేతి రాతతోనే ఉండాలె" అని పక్కన కూర్చుని రాయించారు. ఎస్సై గారు చెడామడా తిట్టారు. చివరికి, తనంతట తానే తెచ్చాడు కదా అని కాగితం మీద సంతకం పెట్టి తుపాకి తీసుకున్నారు. రసీదు నా చేతికి వచ్చింది.

ఆ ఏడు పందులు నా చేనును దున్ని పెట్టాయి. కడుపు మండి స్టేషన్‌కు వెళ్ళి "మీ మాట విన్నందుకు ఇదీ ఫలితం" అనేశాను. ఆదివారం ఆయన లుంగీతోనే, బండి వేసుకుని మా చేలోకి వచ్చారు. వెనకాల పెద్ద మూట. విప్పితే అన్నీ పాత చీరలు!

"పోలీసు క్వార్టర్ల ఆడోళ్ళందరినీ అడుక్కొచ్చిన. చేను చుట్టూ కడదాం పట్టు. రంగులు ఊగుతుంటే పందులు బెదురుతయంట."

మధ్యాహ్నం దాకా ఇద్దరం కర్రలు పాతి చీరలు కట్టాం. మిగిలిన పంట ఆ చీరలే కాపాడాయి.

మా అమ్మాయికి మొదటి పరీక్షలో ఉద్యోగం రాలేదు. రెండోసారి అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా వచ్చింది! ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ గోడ మేకులు చూసి, ఇవేంటన్నాడు. రసీదు తీసి చూపించాను. చదివి, నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను ఊళ్ళో ఎదురైన వాళ్ళందరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పానట.

పోయిన నెల అమ్మాయిని ఖాకీ బట్టల్లోనే ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. అప్పటికే బాగా చిక్కిపోయారు. అమ్మాయి సెల్యూట్ కొడితే, మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడి తిరిగి కొట్టారు. వద్దన్నా వినలేదు.

"మీ నాయన కొత్త లైసెన్సుకు దరఖాస్తు పెట్టిండా?" అని అడిగారు.

"పెట్టిండు పెదనాన్నా. గని పంది మీద పేలిస్తే మాత్రం మొదటి కేసు నేనే రాస్త" అంది. ఆయన నవ్వలేక దగ్గుతూ నవ్వారు. అదే చివరి చూపు.

ఆయన దినం అయిన మర్నాడు నా దరఖాస్తు కోసం తుపాకి నంబరు సరిచూడాలని స్టేషన్ నుంచి పిలిచారు. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ పీలిక అలాగే ఉంది. దాని మీద హెడ్డు గారి రాతలో మా నాన్న పేరు, కింద నా పేరు. తుపాకికి ఎక్కడా తుప్పు లేదు.

"నూనె ఎవరు రాస్తున్నరు బాబూ?" అన్నాను.

"నేనే. రిటైరైనంక గూడ నెల నెలా ఫోన్ చేసేటోడు పెద్దసారు. 'తుడిచినవా?' అని ఒక్క మాట అడిగి పెట్టేసేటోడు."

నన్నెవరూ అడగలేదు. అయినా తుపాకిని నడిమికి తెరిచి, గుమ్మం దాకా నడిచి, గొట్టాన్ని పైకెత్తాను. చివర గుండ్రంగా, రూపాయి బిళ్ళంత ఆకాశం. చిన్న తెల్లమబ్బు ఒకటి దాని మీదుగా మెల్లగా దాటిపోయింది.