ఉన్నవాళ్లను లేరన్నందుకు

మంగళవారం ఉదయం అంకుల్ ఫోన్ చేశారు. "మీ ఆంటీ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది," అన్నారు. ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరితోనూ గొడవ పడకుండా ఆంటీ అంత నెమ్మదిగా వెళ్లిపోయారంటే నమ్మబుద్ధి కాలేదు.

నా మొదటి ఉద్యోగం రోజుల్లో, ట్రాయ్ అనే ఊళ్లో వాళ్లింటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆంటీది హనుమకొండ. ఈ దేశం వచ్చి ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. క్లినిక్‌కి వెళ్తే నర్సు ఆవిడ పేరు పలకలేక మొదటి అక్షరంతో సరిపెట్టేది. ఆంటీ లేచేవారు కాదు. పూర్తి పేరు పిలిచేదాకా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. మనకెందుకు, లేవమని అంకుల్ గొణిగేవారు. "నా పేరుతోనే మనకెందుకంటే, ఇంక దేనితోని?" అనేవారు ఆంటీ.

వాళ్లిద్దరూ ఎప్పటినుంచో అనుకున్న న్యూ మెక్సికో ప్రయాణానికి నేనూ తోడు వెళ్లాను. అంకుల్ హైవే మీద డ్రైవింగ్ మానేశారు మరి. మొదటిరోజు ఒక టూర్ కంపెనీ వ్యాన్ ఎక్కి, కొండ చరియల్లో కట్టిన పాత ఇళ్లు చూడటానికి వెళ్లాం. రాయి మీద రాయి పేర్చి మట్టితో మెత్తిన గదులు. పైకప్పులకు ఇంకా పొగ మరకలున్నాయి. గైడ్ గొంతు తగ్గించి, వీటిని కట్టినవాళ్లు ఉన్నట్టుండి మాయమైపోయారనీ, ఏమయ్యారో ఇప్పటికీ ఎవరికీ తెలియదనీ చెప్పాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

మర్నాడు నది ఒడ్డునున్న, ప్యూబ్లో అనే అక్కడి ఆదివాసుల ఊరికి వెళ్లాం. గుమ్మటంలాంటి మట్టి పొయ్యిలో రొట్టెలు కాలుస్తున్న ఒక పెద్దావిడ దగ్గర రొట్టె కొంటూ, ఆంటీ ఆ కొండ ఇళ్ల సంగతి అడిగారు. అవి తమ పూర్వీకులవేనని చెప్పింది ఆవిడ. వానలు తగ్గిపోతే నీళ్లు వెతుక్కుంటూ నది దగ్గరికి వచ్చేశారట. గైడ్ చెప్పిన మాట ఆంటీ చెబితే ఆవిడ పొయ్యిలోంచి చూపు తిప్పలేదు.

"గంట దూరంలో ఉన్నాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు," అంది.

ఆ మాట విన్నాక ఆంటీ ఆ పూట ముద్ద ముట్టలేదు.

మూడో రోజు వేడినీటి బుగ్గల దగ్గరికి వెళ్లాల్సింది. ఆంటీ నన్ను కారు తిన్నగా టూర్ కంపెనీకి పోనివ్వమన్నారు. యజమాని అంతా విని, కస్టమర్లకు మిస్టరీ ఉంటేనే నచ్చుతుందని నవ్వాడు. ఆంటీ బయటికొచ్చి వ్యాన్ తలుపు పక్కన నిలబడ్డారు. ఎక్కబోయే ప్రతి మనిషికీ, ఆ ఇళ్లు కట్టినవాళ్ల మనుమలూ మనుమరాళ్లూ ఎక్కడున్నారో చెప్పడం మొదలుపెట్టారు. కొందరు విననట్టు నటించారు. ఒకతను నవ్వుతూ ఆవిడ ఫోటో తీశాడు.

అంకుల్ వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. "మనకెందుకే? మనమే బయటోళ్లం."

"ఎదురుంగ నిలబడ్డ మనిషిని పట్టుకొని లేడంటుంటే, ఊకె చూసుకుంట నిలబడాల్నా? మీరు కార్ల కూసోండ్రి."

ఆయన వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నారు. యజమాని పోలీసులను పిలుస్తానన్నాడు. అప్పుడే ఒక ముసలావిడ వ్యాన్ దిగి, ఆ ఊరికి దారి ఎటని అడిగింది. ఆంటీ ఓపిగ్గా దారి చెప్పి, ఆవిడ తన కారెక్కి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు వచ్చి కారెక్కారు.

మొన్న ఆ కంపెనీ వెబ్‌సైట్ చూశాను. ఇంకా అదే కథ. మాయమైన జనం, వీడని రహస్యం. బతికున్నవాళ్లను చచ్చినవాళ్ల లెక్కలో వేసి టికెట్లు అమ్ముకుంటున్నారు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. నాతో కలిసి అరవడానికి పక్కన ఆంటీ లేరు.

ఆదివారం గుడి హాల్లో సంతాప సభ జరిగింది. ఒక్కొక్కరే లేచి మాట్లాడుతుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నోటి దురుసు అన్నారు, పట్టుదల ఎక్కువన్నారు, తాము మాత్రం అవన్నీ మనసులో పెట్టుకోలేదన్నారు. ఆవిడ ఏం తప్పు చేశారని వీళ్లు ఇంత ఉదారంగా క్షమిస్తున్నారు? చివరికి ఇక్కడి తెలుగువాళ్ల అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన మైక్ అందుకుని, "ఆమెకు కోపం జర ఎక్కువ, కానీ మనిషి మంచిది," అన్నారు.

ముందు వరసలో అంకుల్ లేచారు. ఏదో మాట్లాడతారనుకుని ఆయనకు మైక్ అందించబోయారు. ఆయన తీసుకోలేదు.

"కానీ ఏంది?" అన్నారు.

మైక్ పట్టుకున్న పెద్దమనిషి నేలచూపులు చూశారు. ఎవరో వచ్చి భుజం మీద చెయ్యివేసి కూర్చోమన్నారు. అంకుల్ కూర్చోలేదు. కుర్చీ అంచు పట్టుకుని, జవాబు కోసం అలా నిలబడే ఉన్నారు.