రంగుటద్దాల కిటికీలు

ఆ రోజుల్లో నారాయణపేటలో మా వాడ వెంట నడిచేవాళ్లకు ఏ ఇంట్లో పని సాగుతోందో, ఏ ఇంట్లో ఆగిందో మగ్గం చప్పుడే చెప్పేది. నాకు మాత్రం ఆ చప్పుడు వినిపించేది కాదు. పంతొమ్మిదేళ్లు. పాలమూరులో మేనత్త ఇంట్లో ఉండి పంతులమ్మ ట్రైనింగు ముగించుకుని, నౌకరీ కాగితం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఉన్నానంటే మనిషిని ఉన్నాను, మనసు ఎక్కడుండేదో నాకే తెలియదు. మా బాపు నేసే చీరలకు నూలు కండెలు చుట్టడం నా పని. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతి వేళ్ల మధ్య నూలు జారుతుంటే, ఎప్పుడో చేరబోయే బడినీ, అందులో నా మాటకు చప్పట్లు కొట్టే పిల్లలనూ తలుచుకుంటూ కూర్చునేదాన్ని. (నా మాటకు ఏ బడిలోనూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది వేరే సంగతి.)

ఆ ఎండాకాలం మా మగ్గపుగది కిటికీలు రెండూ చెద పట్టి ఊడి చేతికొచ్చాయి. అవి చెక్క రెక్కల కిటికీలు. తెరిస్తే గాలికి పడుగు ఆరిపోయి పోగులు తెగుతాయి, మూస్తే గదంతా చీకటి. బాపుకు అప్పటికే చూపు తగ్గింది. తెగిన పోగును వెతకడానికి మొహం మగ్గం మీదకు వంచి, నూలును వాసన చూస్తున్నట్టు కనబడేవాడు. అందుకని ఈసారి అద్దాల కిటికీలు పెట్టిద్దామని అనుకున్నాం. ఊళ్లో ఒక పాత బంగళా కూల్చి, దాని తలుపులూ కిటికీలూ కట్టెల అడితిలో అమ్మకానికి పెట్టారని తెలిసింది. "సదువుకున్నదానివి, నువ్వే పోయి సూసి రా బిడ్డా. నా కండ్లకు అన్నీ ఒక్కతీరుగనే కనవడ్తయి" అన్నాడు బాపు. మా ఇంట్లో ఒక ఆడపిల్లకు ఒక వస్తువును ఎంచుకునే అధికారం రావడం అదే మొదలు. నాకు తోడు మా వడ్రంగిని పంపాడు. ఆయన ఏది కనబడినా కొలత కర్ర తీసేవాడు గనక ఊరంతా ఆయన్ను కొలతల మామ అనేవాళ్లం.

అడితిలో కిటికీలు ఆరుబయట గుంజలకు ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. మామ నేరుగా తెల్లటద్దాల జత దగ్గరికి పోయి కొలిచి, చట్రం మీద వేలితో కొట్టి, "గట్టి టేకు. మీ గోడకు సరిగ్గ సరిపోతది. ఇంక సూసేదేమున్నది" అన్నాడు. నేను అప్పటికే పక్క జత ముందు నిలబడిపోయాను. ఒకదానికి ఎర్రటద్దాలు, ఇంకోదానికి ఆకుపచ్చవి. వాటి వెనక పొద్దు వాలుతోంది. నా చెయ్యి మీద ఎరుపు పడింది, పైట మీద ఆకుపచ్చ పడింది. ఎంతసేపు అలా నిలబడ్డానో గానీ మామ దగ్గాడు. "బిడ్డా, అవి బంగళా కిటికీలు. కూసొని మురిసెటోళ్లకు మంచిగుంటయి. మనది మగ్గం ఇల్లు" అన్నాడు. "వెలుతురు వెలుతురే కదా మామా" అన్నాను నేను, ట్రైనింగులో సైన్సు పాఠం చెప్పి మెప్పు పొందినదాన్ని. ఆయన ఆ జతనూ కొలిచి బండి ఎక్కించాడు.

ఎర్రది తూర్పున, పచ్చది పడమట కుదిరాయి. మా ఇల్లు మారిపోయింది. పొద్దున గదంతా కుంకుమ నీళ్లలో మునిగినట్టు, సాయంత్రం చెరువు అడుగున ఉన్నట్టు ఉండేది. వాడలో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, మాత్రం గడప దగ్గరే నిలబడి, "ఏందే పిల్లా, అన్నం గుడ ఎర్రగనే కనవడ్తాంది" అంది. నేను రాట్నం ముందు కూర్చుని ఆ వెలుగులో ఇంకా లోతుగా కలలు కన్నాను.

అప్పుడు మగ్గం మీద ఉన్నది పట్వారి గారి ఇంటి చీర. పది రోజుల్లో వాళ్లమ్మాయి పెళ్లి. పట్వారి భార్య స్వయంగా వచ్చి, "నిండు పసుపుపచ్చ, ఇంకో రంగు కలవొద్దు" అని చెప్పి వెళ్లింది. నేను కండెలు చుట్టి బుట్టలో వేస్తూ పోయాను, బాపు నేస్తూ పోయాడు. నేసిన బట్ట నేసినట్టు మగ్గం కర్రకు చుట్టుకుపోతోంది. నాలుగో రోజు చీర కోసి, మడత పెట్టడానికి అరుగు మీదకు తెచ్చి పరిచాం.

ఎండలో ఆ చీర పులిలా ఉంది. జానెడు పసుపు, బెత్తెడు నారింజ, మళ్లీ మూరెడు పసుపు, మళ్లీ నారింజ. ఇంకో చీర కోసం తెచ్చిన నారింజ నూలును నేను పసుపనుకుని చుట్టేశాను. ఎర్రటద్దం కింద నాకు తేడా తెలియలేదు, పచ్చటద్దం కింద, చూపు ఆనని బాపుకూ తెలియలేదు.

బాపు తిట్టినా బాగుండేది. చీర అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వచ్చి, "నేత మాత్రం మంచిగ వడ్డది" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "ఏడ్వకు బిడ్డా. కిటికీలు మంచిగనే ఉన్నయి. నూలుకే జర తెల్వలే" అన్నాడు. అప్పుడు నిజంగానే ఏడ్చాను.

ఆ రోజే కొలతల మామ వచ్చి రంగుటద్దాలన్నీ ఊడదీసి తెల్లవి బిగించాడు. 'అప్పుడే చెప్పలే' అంటాడని ఎదురుచూశాను గానీ ఆయన ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. (అదే ఎక్కువ గుచ్చుకుంది.) తర్వాత నాలుగు రోజులూ ఒక్క కల కూడా కనకుండా, ప్రతి కండెనూ వాకిట్లోకి తీసుకెళ్లి చూసి మరీ బుట్టలో వేశాను. పెళ్లికి ఒక్క రోజు ముందు, బాపు మళ్లీ మొదటి నుంచి నేసిన నిండు పసుపుపచ్చ చీర పట్వారి గారింటికి చేరింది.

ఆ వారమే నా నౌకరీ కాగితం వచ్చింది. బడికి కట్టుకుపోవడానికి మంచి చీర లేదు. అవ్వ ఆ చారల చీర తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నువ్వు చేసిందే గదనే, నువ్వే కట్టుకో. మీ బాపు చేతి పని, పారేస్తమా" అంది. అదే కట్టుకుని నౌకరీ వచ్చిన ఊరికి వెళ్లాను. బజారులో అందరూ ఆగి చూశారు. బడి పిల్లలు గుడ్లప్పగించి చూశారు. పాలమూరు చదువుకు ఇంత మర్యాద ఉంటుందని అంతకుముందు తెలియదు. తల ఇంకొంచెం ఎత్తి, కొంగు ఇంకొంచెం పొడుగ్గా వదిలి నడిచాను. ఒక ఏడాది పొడుగునా అలాగే నడిచాను. ఆ ఊరంతా నన్ను మొదటి రోజు నుంచే 'చారల పంతులమ్మ' అంటోందని ఏడాది తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. మెచ్చుకుంటున్నారనుకుని అంత ఠీవిగా బజారు మధ్య నడిచిపోతున్న ఆ పిల్లను పక్కకు పిలిచి నిజం చెబుదామా అనిపిస్తుంది. మళ్లీ వద్దులే అనుకుంటాను. ఆ తర్వాత ఎన్ని మంచి చీరలు కట్టానో. ఏ చీరలోనూ అలా నడవడం మాత్రం నాకు రాలేదు.